స్టైల్ ఒప్పుకోదు

బాపయ్యకు బోల్డ్ బటన్ అంటే పగ. తుకుం బస్తీలోని ఆయన డీటీపీ షాపులో ఎవరైనా ఒక్క మాటను సెలెక్ట్ చేసి చేత్తో లావు చేశారో, తన పీక మీద కాలేసినట్టు అరుస్తాడు.

"చేతితోని ముట్టకు బిడ్డా! స్టైల్ పెట్టు, అక్షరాల సైజు, లావు అన్నీ దాంట్లనే ఉంటయి. ఒక్కకాడ మారిస్తే పుస్తకం మొత్తం మారుతది."

"నాలుగు లైన్ల కార్డుకు స్టైలెందుకు కాకా?" అనేది ఆయన దగ్గర పనిచేసే మాధురి.

"నాలుగు లైన్లు గూడ సంసారమే. తల్లి స్టైలుండాలె, పిల్ల స్టైలుండాలె. తల్లిని పెంచితే పిల్ల గూడ పెరుగుతది."

ఇంట్లోనూ ఇదే గోల. పప్పులో ఉప్పెక్కువైతే "తల్లి స్టైల్‌లనే తప్పుంది" అన్నాడట. ఆ పూట భార్య సుభాషిణి తన సొంత స్టైల్‌లో పస్తు పెట్టింది.

ఒకసారి పెళ్ళికొడుకు తండ్రి రామకిషన్ వచ్చి, కార్డులో వియ్యంకుడి పేరు కన్నా తన పేరు పెద్దగా ఉండాలన్నాడు.

"స్టైల్ ఒప్పుకోదు సేట్. ఇద్దరిదీ ఒక్కటే స్టైల్. మిమ్మల్ని పెంచితే ఆయన గూడ పెరుగుతడు."

రామకిషన్ కంప్యూటర్‌ను తిట్టుకుంటూ వెళ్ళాడు. ముసలాయనకు చాదస్తం ముదిరిందనుకుంది మాధురి.

ఈ మధ్య షాపులో పెళ్ళికార్డుల కన్నా శ్రద్ధాంజలి పనులే ఎక్కువ. పొద్దున తుడిచిన మానిటర్ మీద మధ్యాహ్నానికి థర్మల్ ప్లాంటు బూడిద పేరుకునే ఊరు. మానిటర్నయితే తుడవొచ్చు, ఊపిరితిత్తులను ఎవరు తుడుస్తారు?

ఆ వారం కోర్పనా వైపు సున్నపురాయి క్వారీలో పేలుడుకు గోపాల్ పోయాడు. "వాడు మా మనిషే కాడు" అన్నాడు కాంట్రాక్టర్ సుదర్శన్. తెలుగు కూలీలంతా శవంతో క్వారీ గేటు ముందు కూర్చున్నాక, అదే నోటితో సంతాప సభ ప్రకటించాడు.

గోపాల్ భార్య సత్తమ్మ షాపు గడప దగ్గరే నిలబడింది. "అన్నా, నాకు చదువు అంతంతే. మా ఆయన పేరు దూరంకెళ్ళి గూడ కనవడాలె. లేకుంటే మల్ల మా మనిషి కాడంటరు."

ఆమె వెళ్ళగానే కాంట్రాక్టర్ మనిషి ఓంప్రకాష్ దిగాడు. "ఫ్లెక్స్ మీద సాహెబ్ పేరు ఏనుగంత. సచ్చినోని పేరు కింద, మూలకు, చిన్నగ."

మాధురి సుదర్శన్ పేరు సెలెక్ట్ చేయబోయింది.

"ముట్టకు!"

బాపయ్య కుర్చీ లాక్కుని గోపాల్ పేరును తల్లి స్టైల్ చేశాడు, సుదర్శన్ పేరును దానికి పిల్లను చేశాడు. అప్పుడు గోపాల్ పేరు తగ్గించాడు. సాహెబ్ చీమంత అయిపోయాడు.

"అరే! సాహెబ్‌ను ఎందుకు తగ్గిస్తున్నవ్?"

"నేనెక్కడ తగ్గించిన? తల్లి తగ్గింది, పిల్ల తగ్గింది."

"అయితే పెంచు!"

పెంచాడు. రెండు పేర్లూ ఫ్లెక్స్ నిండా లేచి నిలబడ్డాయి.

"గాడొక్కడే చిన్నగ గావాలె!"

"స్టైల్ ఒప్పుకోదు. గింత పెద్ద పేరు మూలకు పట్టదు. నడిమిట్ల పెడుతున్న."

ఒక్క క్లిక్కుతో ఆ తల్లీపిల్లల లింకు తెగి, ఏ పేరు సైజు దానికి మార్చుకోవచ్చని మాధురికి తెలుసు. నోరు తెరిచింది. బాపయ్య గుడ్లురిమాడు. మూసుకుంది. సభకు టైమవుతోందని ఓంప్రకాష్ నెత్తి కొట్టుకుంటూ ఒప్పుకున్నాడు.

గేటుకు కట్టిన ఆ ఫ్లెక్స్‌ను సత్తమ్మ రోడ్డవతలి నుంచి కూడబలుక్కుని చదివింది. "గో... పా... ల్." కూలీలంతా వెనక నిలబడి విన్నారు. సుదర్శన్ పేరు ఎవరూ చదవలేదు.

"కాకా, ఒక్క క్లిక్కు గదా," అంది మాధురి సభ నుంచి తిరిగొస్తూ. "పెళ్ళికార్డప్పుడు గూడ గిట్లనే చేసినవా?"

"ఏం క్లిక్కు? నాకు తెల్వది."

మర్నాడు మరో శ్రద్ధాంజలి పని మీద ఒక పెద్దమనిషి వచ్చి, పోయినవాడి పేరు కన్నా తన పేరు పెద్దగా వేయమన్నాడు. బాపయ్య నోరు తెరిచేలోపే మాధురి అంది:

"స్టైల్ ఒప్పుకోదు సేట్."