పాటల వెనక మా ఫ్యాను

మా చర్చి సంఘంలో డ్రమ్స్ వాయించే అబ్బాయికి గచ్చిబౌలిలో ఉద్యోగం. అతను ఒక హెవీ రాక్ బ్యాండులో కూడా వాయిస్తాడని, వాళ్ల మొదటి ఆల్బమ్ బయటికి వచ్చిందని ఒక శుక్రవారం ఉపవాస ప్రార్థన తర్వాత తెలిసింది. విన్నవాళ్లు అది పాట కాదు, అరుపు అన్నారు. అలాంటివాణ్ని ఆదివారం ఆరాధనలో వాయించనివ్వాలా వద్దా అన్న మాట వచ్చింది. పాటలు పాడే క్వాయర్ నా బాధ్యత కాబట్టి పాస్టరుగారు నాకే అప్పజెప్పారు.

"నువ్వు ఇనమ్మా. సగం ఇని తీర్పు చెప్పకు. మొత్తం ఇను."

సోమవారం కోకాపేట వెళ్లే ఆఫీసు బస్సులో విన్నాను. వాన. అద్దాల మీద నీళ్లు జారుతుంటే బయటి టవర్లు మెల్లగా కరిగిపోతున్నాయి. చెడు ఏదైనా ఉంటే నాకు అంటకూడదని ముందే ప్రార్థన చేసుకున్నాను.

మొదటి పాటకి ఒళ్లు బిగుసుకుంది. గిటార్లు ఇనుప రేకుల్ని నేల మీద ఈడుస్తున్నట్టున్నాయి. పాడేవాడి గొంతు పగిలింది. పగిలిన చోట ఆపి మళ్లీ పాడలేదు, అలాగే ఉంచేశారు. ఒకచోట ఎవరో తప్పు వాయించి నవ్వారు, అదీ ఉంది. మా క్వాయర్ పాటలు రికార్డు చేసినప్పుడు మేము ఊపిరి చప్పుడు కూడా తీయించేశాం. ఇక్కడ మాటలకన్నా ఊపిరే ఎక్కువ.

మూడో పాటలో మాటలు పట్టుకోగలిగాను. ఉద్యోగం పోయిన ఒకడు దేవుణ్ని అడుగుతున్నాడు, ఎక్కడున్నావని. మా లేఖనాల్లో ఇంతకన్నా గట్టిగా అడిగిన భక్తులున్నారు. వాళ్ల మాటల్ని ఎప్పుడూ మెల్లగానే చదువుతాం. వాళ్లు మాత్రం మెల్లగా అడిగి ఉండరని ఆ బస్సులో అనిపించింది.

తర్వాత ఒక వింత జరిగింది. కళ్లు మూసుకుంటే నేను శేరిలింగంపల్లిలో, మందుల షాపు పైనున్న మా ప్రార్థన మందిరంలో ఉన్నాను. పాట ఆగిన ప్రతిచోటా ఆ చాపలు, ఆ తెల్లగోడ నా చుట్టూ వచ్చి నిలబడ్డాయి. పరిశుద్ధాత్ముడే తీసుకెళ్తున్నాడనుకుని కన్నీళ్లు పెట్టుకున్నాను. చివరి పాటలో తీగల మోత సన్నగిల్లింది. అప్పుడు వినిపించింది, టక్... టక్... టక్. వేదిక పక్కన పైకప్పుకి వేలాడే మా పాత ఫ్యాను! ఎన్నో ఏళ్లుగా దాని కిందే మోకరిస్తున్నదాన్ని, నాకు తెలియదా?

రికార్డు చేసింది మా మందిరంలోనే. డ్రమ్స్ అక్కడే ఉంటాయి. తాళంచెవి అతని దగ్గరే ఉంటుంది.

సాయంత్రం ఫోన్ చేశాను. "ఏంటి తమ్ముడూ, మన మందిరంలోనా?"

"కోపం చెయ్యకక్కా. స్టూడియోల కూడ చేసి చూసినం. ఆడ అరిస్తే యాక్టింగ్ లెక్క ఉన్నది. ఈడ అరిస్తే నిజంగ అడిగినట్టున్నది."

"ఎవర్నీ అడక్కుండా తాళం తీశావు కదా."

"తప్పే. ఇగ నన్ను తీసేస్తరా?"

"అయ్యగారికి మొత్తం చెప్తాను. ఫ్యాను సంగతి కూడా."

"ఫ్యానా? ఏ ఫ్యానక్కా?"

పాస్టరుగారు నా ఫోనులో మొదటినుంచి చివరిదాకా విన్నారు. ముఖం చాలాసేపు చిట్లించుకునే ఉన్నారు. చివర్లో వేలు పైకెత్తారు.

"గిది మన ఫ్యానే! నాకైతే చెవులు గుయ్యిమంటున్నయి. నీకేమనిపిచ్చిందమ్మా?"

"ప్రార్థనే అనిపించిందండి."

ఆయన ఫోను నా చేతిలో పెట్టారు. "ఐతే తాళంచెవి గుంజుకుంట. డ్రమ్స్ మాత్రం వాయించనీ."

ఆదివారం అతను డ్రమ్స్ వెనక కూర్చున్నాడు. నావైపు చూడలేదు. మొదటి పాటకి ముందు నేను పైకి చూశాను. ఫ్యాను చప్పుడు లేకుండా తిరుగుతోంది. పాస్టరుగారు బాగు చేయించేశారు.

ఆ నిశ్శబ్దం కింద మోకరించడం నాకింకా అలవాటు కాలేదు. అందుకే బస్సులో అప్పుడప్పుడు ఆ చివరి పాట పెట్టుకుంటాను. తీగలు సన్నగిల్లుతాయి. అద్దం అవతల కోకాపేట మసకబారుతుంది. టక్ టక్‌మంటూ మా పాత మందిరం మళ్లీ తిరగడం మొదలుపెడుతుంది.