కాఫీ తోటలో అత్త చేసిన క్రిస్మస్

డిసెంబరు మొదటి వారంలో, నేను సాలూరు బడిలో మూడో తరగతి పిల్లలకు ఎక్కాలు చెబుతుండగా ఫోను వచ్చింది. అవతల నాన్న. ఎవరిదో సెల్లు అడిగి తీసుకుని చేస్తున్నాడు. "మీ అత్త ఎల్లిపోనాదమ్మా. బేగి రా," అన్నాడు. ఫోను ఎలా ఆపాలో ఆయనకు తెలియదు. చివరికి నేనే పెట్టేశాను.

అత్త మా నాన్నకు సొంత అప్ప. మా వైపు అక్కను అప్పా అనే పిలుస్తారు. డుంబ్రిగుడ దాటాక కొండవాలు మీద ఉంటుంది మా ఊరు. మధ్యలో చిన్న గెడ్డ పారుతుంది. దానికి ఇటు మా ఇళ్ళు, అటు చర్చి, చర్చి చుట్టూ పది పన్నెండు ఇళ్ళు. అత్త అటువైపు ఉండేది. మామయ్యా ఆమే బాప్తిస్మం తీసుకున్నప్పుడు నాన్న ఏమీ అనలేదు. కాని ఆ ఏడు ఊరి దేవత పండగకు మా ఇంట్లో అన్నం వడ్డిస్తే, దేవతకు పెట్టింది తిననని అత్త విస్తరి ముందు నుంచి లేచిపోయింది. నాన్నకు అది తగలకూడని చోట తగిలింది. ఆమెతో మాట మానేశాడు. మామయ్య చనిపోయినప్పుడు కూడా గెడ్డ దాటలేదు.

మాకు మాత్రం అత్త సంతలో దొరికేది. అమ్మ సామాన్లు కొంటుంటే వెనక నుంచి వచ్చి నా చేతిలో జామకాయ పెట్టేది. "మీ నాయిన సూసేలోగా తినీ గుంటా," అని నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. ఆమె ఎప్పుడు నవ్వినా అలాగే, పళ్ళు కనపడకుండా. వేడి టీ మాత్రం చాలాసేపు ఊదుకుంటూ, ఏదో ముఖ్యమైన పనిలా తాగేది.

తొంభైల చివర్లో, నాకు పదకొండేళ్ళప్పుడు, డిసెంబరులో మా ఇంట్లో జ్వరాలు పట్టుకున్నాయి. ముందు అమ్మ, తర్వాత చెల్లి, ఆఖరికి నాన్న. వణుకు వస్తే నాన్న మంచం కూడా కదిలేది. లేచి తిరుగుతున్నది నేనొక్కదాన్నే. ఇంటి వెనక తోటలో కాఫీ పండ్లు ఎర్రగా మిగల పండి రాలిపోతున్నాయి. ఏడాదంతా మాకు ఆ తోటే ఆధారం. నేను బుట్ట పట్టుకుని వెళ్ళేదాన్ని. పై కొమ్మలు అందేవి కావు. ఒకరోజు గట్టు మీద కూర్చుని ఏడుస్తుంటే, గెడ్డ అవతల కట్టెలు ఏరుతున్న అత్త తలెత్తి చూసింది. పిలవలేదు. మా ఇంటి కప్పు మీద పొగ లేదని కూడా చూసే ఉంటుంది.

క్రిస్మస్ రోజు పొద్దున్నే చర్చి నుంచి పాటలు వినిపించాయి. ఏటా మధ్యాహ్నం దాకా సాగేవి. ఆ రోజు మంచు విడవకముందే ఆగిపోయాయి. కాసేపటికి గెడ్డ దాటి జనం మా ఇంటివైపు వస్తూ కనిపించారు. ఆడా మగా, అందరి నడుములకూ బుట్టలు. ఒంటి మీద పొలానికి కట్టుకునే పాతబట్టలు. ముందు అత్త.

అక్కడ ఏం జరిగిందో నాకు తర్వాత తెలిసింది. కుర్రవాళ్ళు జీపు మాట్లాడుకుని, అరకులో పెద్ద మైకుసెట్టు పెట్టి చేస్తున్న పండగకు బయలుదేరుతున్నారట. అత్త చర్చి గుమ్మంలో నిలబడి, మా ఇంటి సంగతి చెప్పిందట. పండగ నాడు పనేమిటని ఒక పెద్దాయన కోప్పడితే, "పక్కింట్లో పొయ్యి ఎలగలేదని తెలిసాక నాకు ముద్ద దిగదు. ఒచ్చేవోలు రండి. లేపోతే నానొక్కదాన్నే ఎల్తాను," అందట. జీపు ఖాళీగా వెనక్కి వెళ్ళింది.

నాన్న దుప్పటి కప్పుకుని, గోడ పట్టుకుని అరుగు మీదికి వచ్చాడు.

"ఏటిది? ఎవులు రమ్మన్నారు? మీ పాటలు నా ఇంటికాడ వద్దు."

"పాటలు అక్కడే పాడీసి ఒచ్చాం తమ్ముడూ. ఇక్కడికి పండ్లు కొయ్యడానికొచ్చాం," అంది అత్త. బుట్ట సర్దుకుని తోటలోకి నడిచింది.

మధ్యాహ్నానికి బుట్టల కొద్దీ పండ్లు వాకిట్లో పోశారు. డుంబ్రిగుడ నర్సమ్మ దగ్గర అడిగి తెచ్చిన మాత్రలు అత్త అమ్మకూ చెల్లికీ వేసింది. పొయ్యి వెలిగించి రాగిపిండితో చోడిజావ కాచింది. తర్వాత వాళ్ళు పండగకు వండుకున్న అన్నం, గుమ్మడికాయ కూర, కోడికూర ఆకుల్లో కట్టి తెచ్చినవి మా వాకిట్లోనే విప్పారు. నాన్న ముందు కూడా ఒక ఆకు పెట్టారు. అప్పుడు అందరి చేతులూ ఆగిపోయాయి.

నాన్న ఆ ఆకు వంకే చూస్తున్నాడు. అత్త ఆయన ఎదురుగా నేల మీద కూర్చుంది.

"తినకపోయినా నానేటీ అనుకోను తమ్ముడూ. ఆనాడు నీ కూడు కాడ నుంచి నాను లేసొచ్చీసినప్పుడు నీకెలాగుండుంటాదో, ఇప్పుడు తెలస్తంది," అంది. ఆకు మీద వాలిన ఈగను తోలింది. "తిననని చెప్పొచ్చు. అలాగ లేసి రాకుండా ఉండాల్సింది."

నాన్న నావైపు తిరిగాడు. "మన కుండలో జావ అత్తకు పొయ్యి," అన్నాడు.

పోశాను. అత్త రెండు చేతులతో అందుకుని గుక్క తిప్పుకోకుండా తాగింది. అది చూశాక నాన్న ఆకు దగ్గరికి లాక్కున్నాడు. "కూరలో ఉప్పెక్కువేసినావప్పా," అన్నాడు, ఎన్నేళ్ళ తర్వాతో. అత్త చెంగు అడ్డం పెట్టుకోవడం మర్చిపోయి నవ్వింది.

నాన్న ఆ తర్వాత కూడా చర్చికి వెళ్ళలేదు. అత్త రమ్మని ఎన్నడూ అడగలేదు. చైత్రంలో మగవాళ్ళు వేటకెళ్ళే మా ఇటుకల పండగకు వచ్చి, అమ్మ ఆమె కోసం విడిగా వండింది తిని, గిన్నెలు కడిగి వెళ్ళేది. కాని అటువైపు క్రిస్మస్ మాత్రం మారిపోయింది. పొద్దున్నే పాటలు, ప్రార్థన. తర్వాత ఎవరికి చెయ్యి అవసరమైతే వాళ్ళింటికి. ఒక ఏడు ఒంటరి ముసలమ్మ ఇంటికి గడ్డి కప్పారు. ఇంకో ఏడు వానకు కూలిన గోడ లేపారు. ఆ ఇల్లు ఏ దేవుడిదని ఎవరూ అడగలేదు. మేమూ వెళ్ళేవాళ్ళం.

నాకు ఉద్యోగం వచ్చిన ఏడాది సాలూరు నుంచి అత్తకు క్రీము కేకు పట్టుకెళ్ళాను. బస్సు కుదుపులకు సగం అట్టపెట్టెకే అంటుకుంది. ఆమె దాన్ని గోరంత గోరంత చేసి ఊరంతా పంచింది. తను చివర్న వేలితో నాకి, "బావున్నాది గానీ, నమిలేలోగే అయిపోతంది," అంది. ఆ పెట్టెలో మిరపవిత్తనాలు దాచుకుంది. సాలూరు వీధుల్లో రంగుదీపాలు చూసి నేను ఎంత గొప్పగా చెప్పినా, శ్రద్ధగా విని, చివరికి ఒకటే అడిగేది: "ఆ ఈదిలో జొరంతో ఉన్నోలు ఎవులున్నారో సూసినావా?" దెప్పడం కాదు. నిజంగానే తెలుసుకోవాలని. నేను చూసి ఉండేదాన్ని కాదు.

నాన్న ఫోను అందుకుని నేను ఊరు చేరేసరికి అత్తను చర్చి వెనక పూడ్చేశారు. నా కోసం చాలాసేపు చూశారట. జనం ఒక్కొక్కరే ఇళ్ళకు వెళ్ళిపోయారు. నాన్న మాత్రం కదలలేదు. కొత్త మట్టి పక్కన గొంతుక్కూర్చుని, పైకి తేలిన ఎర్రమట్టి పెళ్ళలు ఒక్కొక్కటే తీసుకుని అరచేతుల మధ్య నలిపి పొడిచేసి మళ్ళీ పోస్తున్నాడు. చీకటి పడుతోంది, వెళ్దాం రమ్మన్నాను.

"ఉండమ్మా," అన్నాడు తలెత్తకుండా. "పెళ్ళలుంటే అప్పకు ఒరుసుకుంటాది."

నేనూ కూర్చుని ఒక పెళ్ళ చేతిలోకి తీసుకున్నాను. లోపల ఇంకా తడిగా, చల్లగా ఉంది.