ఎనిమిది అంగలు, ఒక జత బూట్లు

ఒక మనిషి కాలివేళ్లు నలిగితే జాతీయ జట్టులోంచి ఒక రౌతు జారిపోతాడా అని మీరు అడగవచ్చు. జారిపోయాడు. ఆ వేళ్లు నావే.

విదేశంలో జరగబోయే పెద్ద పోటీలకు మన షో జంపింగ్ జట్టు సికింద్రాబాద్‌లో తయారవుతోంది. ఆఖరి ఎంపికకు నెల రోజులుంది. లాలాగూడ రౌతు యాకూబ్ అన్న గుర్రం బాద్షా సాధనలో ఎగిరి దాటే అడ్డకర్రలు పేర్చే పని నాది. అన్న అప్పటికే రెండుసార్లు ఎంపికలో తప్పాడు. నలభై దాటుతున్నాడు, ఇక ఇదే చివరి అవకాశం.

రెండు అడ్డకర్రల మధ్య దూరాన్ని మేం అంగలతో కొలుస్తాం. ఎనిమిది అంగలుంటే గుర్రం మొదటిది దాటి, ఒక్క గంతు వేసి, రెండోదాని మీదుగా ఎగురుతుంది.

"టేపెందుకు? వీని కాళ్లే టేపు" అనేవారు కోచ్ సారు. ఇంకేం, నేను నేల మీద నడిస్తేగా! అంత ఘనుణ్ణి జట్టు ఫోటోలో పాత బూట్లతో నిలబడితే దేశం పరువేం కావాలి? మారేడ్‌పల్లిలో కొత్తవి కొన్నాను. నా సైజు లేదు, ఒక సైజు చిన్నవే దొరికాయి. వాడితే సాగుతాయిలే అని నెలంతా వాటితోనే కుంటుతూ తిరిగాను.

"ఏందిరా, జెర దగ్గరదగ్గరగ ఉన్నయ్?" అన్నాడు అన్న ఒకరోజు.

"ఎనిమిదే అన్నా! రెండుసార్లు లెక్కబెట్టిన."

అబద్ధం కాదండీ. ఎనిమిదే. కాకపోతే ఇరుకు బూట్లలో పెళ్లికూతురి అంగలు. బాద్షా బుద్ధిమంతుడు, నా కొలతకు తగ్గట్టు గంతు కురచ చేసుకున్నాడు.

ఎంపిక రోజున అడ్డకర్రలు టేపుతో కొలిచి పేర్చారు. బాద్షా అలవాటు కొద్దీ కురచ గంతు వేసి, దూరం నుంచే ఎగిరి, రెండోదాని మీద పడ్డాడు. కర్రలు దడదడా రాలాయి. మూడు చోట్ల అదే వరస. అన్న దిగి గుర్రం మెడ నిమిరాడు.

కోచ్ సారు మా మైదానంలో నేను పేర్చిన కర్రల మధ్య టేపు పరిచి చూశారు. "ఏమైందిరా నీ కాళ్లకు?"

బూట్లు చూపించాను. అంత సిగ్గు నేనెన్నడూ పడలేదు.

అన్న లేకుండానే జట్టు ఫోటో తీశారు. తర్వాత గుర్రాలశాలకు వెళ్లి, "మాఫ్ చెయ్యన్నా" అన్నాను. అన్న బాద్షా ఒళ్లు తోముతూ అడిగాడు:

"ఫోటోల బూట్లు మంచిగ పడ్డయా?"

"లేదన్నా. నడుం దాకనే తీసిండు."

అన్న పగలబడి నవ్వాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

బాద్షా సాక్షిగా ఆనాడే ఒట్టేసుకున్నాను: టేపు లేనిదే పక్కింటి గుమ్మం దాకా కూడా కొలవను, కాలికి పట్టని బూట్లతో దేశసేవ చేయను. ఆ బూట్లు ఇప్పటికీ ఇంట్లోనే ఉన్నాయి. ఇంకా సాగలేదు.