కిటికీ వైపు నుంచి

చొక్కాల ఫ్యాక్టరీలో ఆమెను అందరూ డేగ అనేవారు. ఎదురుగా కాదులెండి, చాటుగా. కుట్టు వంకరపోయినా, గుండీ వదులైనా ఆమె కళ్ళు కప్పి ఆ హాలు దాటిన చొక్కా లేదు. తప్పు దొరికిన చొక్కాను, కుట్టినవాళ్ళ పేరున్న కొక్కేనికి తగిలించడం ఆమె పని. హాల్లో గోడ పొడవునా కొక్కేలే. కొత్తగా చేరినవాళ్ళవి తలుపు దగ్గర, పాతకాపులవి కిటికీ దగ్గర.

శనివారం సాయంత్రం మిషన్లు ఆగాక డేగ తలుపు దగ్గర మొదలుపెట్టి కిటికీ దాకా నడిచేది. మొదటి కొక్కేనికున్న చొక్కాలు లెక్కపెట్టి ఆ పేరు మనసులో పెట్టుకునేది. ఆ తర్వాతి కొక్కెం దాన్ని మించితే పాత పేరు వదిలేసి కొత్తది పట్టుకునేది. మించకపోతే, సమానమైనా సరే, పాత పేరే. గోడ చివరికి వచ్చేసరికి మనసులో మిగిలిన పేరు సూపర్‌వైజర్‌కు చెప్పేది. ఎన్ని చొక్కాలన్నది ఆయనకు అక్కర్లేదు, పేరు చాలు. ఆ పేరు గలావిడ మరుసటి వారమంతా కుట్లు విప్పే బల్ల దగ్గర మొహం ముడుచుకుని కూర్చునేది.

ఈ పద్ధతి నేర్పింది పెద్దమ్మ. కాలర్లు కుట్టే ముసలావిడ. వరసకు ఎవరికీ ఏమీ కాదు, అందరికీ పెద్దమ్మే. చూపు మందగించక ముందు ఈ తనిఖీ పని ఆమెదే. కత్తెర పట్టుకోవడం కూడా రాని డేగను పక్కన కూర్చోబెట్టుకుని ఆమే మనిషిని చేసింది. "సమానమైతే ముందొచ్చిన పేరే ఉంచవే. ఈమా, ఆమా అనుకుంటూ కూర్చుంటే మనం ఇంటికి పోయినట్టే" అని నవ్వేది.

ఒక శనివారం మధ్యాహ్నం సూపర్‌వైజర్ డేగను పిలిచాడు. ఆర్డర్లు తగ్గాయట.

"ఈసారి నువ్వు చెప్పే పేరు బల్ల దగ్గరికి కాదు, ఇంటికే. ఎక్కువ ఎవరివో చెప్పు. ఒక్క పేరే."

డేగ గోడ వైపు చూసింది. తగిలించింది తన చేతులే కదా, లెక్క ఆమెకు ముందే తెలుసు. అన్నిటికన్నా బరువైన కొక్కేలు రెండున్నాయి, రెండూ సరిసమానం. కిటికీ దగ్గరిది పెద్దమ్మది. తలుపు పక్కది డేగ సొంత చెల్లెలిది. పసిబిడ్డతో ఇన్నాళ్ళూ అక్కింట్లో ఓ మూల సర్దుకుని, నిన్నగాక మొన్నే విడిగా గది తీసుకున్న పిల్ల. చెయ్యి ఇంకా కుదరలేదు.

ఆ సాయంత్రం డేగ కిటికీ దగ్గర మొదలుపెట్టింది. ఒక్క చొక్కా అటూ ఇటూ మార్చలేదు, ఒక్క అబద్ధమూ ఆడలేదు. పెద్దమ్మ పేరు మనసులో పెట్టుకుని గోడ వెంట నడిచింది. ఏ కొక్కెమూ దాన్ని మించలేదు. చెల్లెలి కొక్కెం సమానమైంది, అంతే. ఎంత సుళువైన పాపం!

పెద్దమ్మ సంచీ సర్దుకుంటుంటే తోటివాళ్ళు డేగను చూసి పళ్ళు కొరికారు.

"దాన్నేమీ అనకండే" అంది పెద్దమ్మ. "అది నేను నేర్పిన పిల్ల. లెక్క తప్పదు."



చెల్లెలి చెయ్యి త్వరలోనే కుదిరింది. ఖాళీగా ఉన్న ఆమె కొక్కేన్ని చూసి సంతోషించాల్సింది పోయి డేగ మొహం తిప్పుకునేది. అన్నం పెట్టిన చేతినే నరికానని తనను తాను తిట్టుకునేది. చివరికి మింగలేక కక్కలేక, ఓ ఆదివారం పెద్దమ్మ ఇంటికి వెళ్ళింది.

"పెద్దమ్మా, ఆ రోజు నేను..."

"కిటికీ వైపు నుంచి మొదలుపెట్టావు. తెలుసులే. కళ్ళు మసకైతే చెవులు కూడా పోతాయా? నా మిషన్ కిటికీ కిందేగా, అడుగులు వినబడ్డాయి."

డేగ నిర్ఘాంతపోయింది. "తెలిసీ నన్ను వెనకేసుకొచ్చావా?"

"చెబితే మీ అక్కాచెల్లెళ్ళిద్దరి ఉద్యోగాలూ ఊడేవి. నాకేం ఒరుగుతుంది? నా బాధ అది కాదే. వచ్చి నా చెవిలో ఒక్క మాట చెప్పి ఉంటే, చూపు ఆనడం లేదు, ఇక రానని ఆయనతో నేనే చెప్పి దర్జాగా వెళ్ళేదాన్ని కదా. అంత చెడ్డగా కుట్టేది ఇంకెవరూ లేరనిపించుకుని గడప దాటేలా చేశావు."

ఆ మాట అనేసి టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. గ్లాసు తెచ్చి చేతికిచ్చింది కూడా. డేగ దాన్ని పట్టుకుని అలాగే కూర్చుంది, తాగే మొహం లేక.