రాతికి పెట్టిన బొట్టు

1979 జూన్‌లో ఆదోనిలోని ఒక చిన్న పరిశోధనశాలలో లాబొరేటరీ అసిస్టెంటుగా చేరాను. బడి గడప తొక్కని నాకు నాన్నగారు ఇంట్లోనే చదువు చెప్పి, ప్రైవేటుగా పరీక్షలు రాయించారు. ఆ కొలువు దేవుడి దయ అనే ఇప్పటికీ అనుకుంటాను.

పాత పత్తి గోదాములో మా పని. బావుల్లో మిగిలిపోయిన చమురును నెట్టడానికి, గోలీసోడాలో ఉండే బొగ్గుపులుసు వాయువును పంపితే అక్కడి రాయి ఏమవుతుందో చూసేవాళ్ళం. లోతు నుంచి తెచ్చిన రాతిని సన్నని స్తంభంగా కోస్తే దాన్ని కోర్ అంటారు. రబ్బరు తొడుగులో బిగించి, ఒక కొస నుంచి ఉప్పునీళ్ళూ వాయువూ ఒత్తిడితో పంపి, రెండో కొసన ఎంత వస్తుందో కొలుస్తాం. సున్నం ఉన్న రాయి కరిగి దారి పెరుగుతుంది. పొడి అడ్డుపడితే దారి మూసుకుంటుంది.

కోర్లు కోసేది ఖాజా. రోజూ ఎమ్మిగనూరు నుంచి బస్సులో వచ్చేవాడు. "రాతికి గోలీసోడా తాపుతాండారే అమ్మా, త్రేన్పు వచ్చినాదా?" అని నవ్వించేవాడు.

రెండేళ్ళ తరువాత ఆయుధపూజ నాడు పంపులకూ మీటర్లకూ బొట్లు పెట్టాను. బల్లమీద ఒక కోర్ ఉంది. ఒక బావి అడుగు నుంచి వచ్చిన రాయిలో మాకు మిగిలింది అదొక్కటే. ప్రయోగం బాగా జరగాలని దాని కొసకూ పసుపు, కుంకుమ పెట్టాను. సాయంత్రం గుడ్డతో తుడిచాను. పోయిందనే అనుకున్నాను.

మరునాడు ఆ కోర్‌లోకి వాయువు పంపిన రెండో గంటకే ప్రవాహం ఆగిపోయింది. కోత పొడి సరిగా కడగలేదని మా సీనియర్ ఆఫీసరు తేల్చారు. "మూడు నీళ్ళు పోసి కడిగినా సార్. నా పొడి గాదు," అన్నాడు ఖాజా. ఆయన కోర్‌ను నిలువునా కోయమన్నారు.

కోస్తే, వాయువు లోపలికి పోయిన కొసన సన్నని పసుపు గీత. ఆఫీసరు అది ఇనుప తుప్పు మరక అన్నారు. ఖాజా వేలితో తడిపి వాసన చూసి, నా వైపు తిరిగి మెల్లగా అన్నాడు: "నువ్వే సెప్పమ్మా. నీ మాటైతే ఇంటాడు."

నేను తల వంచుకున్నాను. అతను నా గుట్టు బయట పెట్టలేదు. మరునాటి నుంచి అతన్ని రావద్దన్నారు. 'కోత పొడి కడగని లోపం' అని రిజిస్టరులో రాసింది నా చెయ్యే.

నెల తరువాత నిజం చెప్పాను. ఆఫీసరు నన్ను తిట్టలేదు, ఆ వాక్యం కొట్టేసి ఖాజాకు కార్డు రాశారు. ఇంటికి తాళం ఉందని కార్డు తిరిగొచ్చింది. బళ్ళారి వైపు రాతి పనికి పోయినారని పక్కింటివాళ్ళు దానిమీదే రాసి పంపారు.

ఆపైన ప్రతి కోర్‌కూ రిజిస్టరులో 'ముట్టినవారు' అని ఒక గడి గీశాను. ప్రయోగం చెడితే ముందు అది చూడాలి. అందులో మొదట నా పేరే రాసేదాన్ని.