చల్లారాక వేద్దాం

మా మావయ్యకు లోకంలో ఒకే ఒక్క బాధ: యంత్రాలకు సెలవు లేదు. ఆ సెలవేదో ఆయనే ఇస్తాడు. చుట్టాలు చెమటలు తుడుచుకుంటూ కబుర్లు చెబుతుంటే లేచి వెళ్ళి ఫ్యాను ఆపుతాడు. "పాపం, పొద్దుట్నుంచీ తిరుగుతోంది. కాస్త చల్లారనివ్వండి!" గోడ గడియారంలోంచి బ్యాటరీ తీసి పక్కన పడుకోబెడతాడు. మా ఇంట్లో టైమెంతో తెలియాలంటే పక్కింటికి వెళ్ళి రావాలి.

"ఇన్నేళ్ళుగా తిరుగుతూనే ఉన్నాను. నన్నెప్పుడైనా ఆపారా?" అని ఓసారి వంటింట్లోంచి అడిగింది అత్తయ్య.

"నీ స్విచ్చెక్కడుందో దొరకలేదే!"

పూర్వం ఆయన టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేవాడు. మిషన్లన్నీ పాత ఇనప సామాన్లవాడికి వెళ్ళిపోయాక, వాటిమీది జాలంతా ఇంట్లో వస్తువుల మీదికి మళ్ళింది.

నేను వాళ్ళింట్లోనే వెనక గదిలో ఉంటాను. నాకు డిగ్రీ లేదు. దొరికిన పుస్తకమల్లా చదవడం వల్ల వచ్చిన పొగరు మాత్రం ఉంది. చేరిన ప్రతి ఉద్యోగాన్నీ ఒక ఘాటైన ఉత్తరం రాసి వదిలేశాను. ఇప్పుడు ఒక పుస్తకాల కంపెనీకి ఇంట్లో కంప్యూటర్ మీదే ప్రూఫులు దిద్దుతున్నాను. నేను ఇష్టంగా చేసిన పని ఇదొక్కటే. ఇదీ పోతే మళ్ళీ ఇలాంటిది దొరకదు.

చిక్కల్లా వైఫైతో వచ్చింది. రోజంతా భేషుగ్గా ఉండి, సరిగ్గా అవసరమైన క్షణంలో పోయేది. మేనేజరు నా దిద్దుబాట్లు కొట్టేసినప్పుడల్లా, ఆయనకు భాష రాదని వివరంగా రాసి పంపబోతానా, కనెక్షన్ మాయం! అది తిరిగొచ్చేసరికి ఆ ఉత్తరం నాకే చదవబుద్ధయ్యేది కాదు. తుడిపేసేవాణ్ణి.

నేను ఊరుకోలేదు. ఇనప బీరువా వెనకున్న వైఫై బాక్సును తెచ్చి హాల్లో అలమర మీద పెట్టాను. సెట్టింగులన్నీ చెరిపి మళ్ళీ పెట్టాను. కంప్యూటర్‌ని గదిలో నాలుగు మూలలా తిప్పాను. మావయ్య నా వెనకాలే తిరిగాడు.

"దానికి రెస్టు కావాల్రా."

"అది యంత్రం మావయ్యా!"

"అందుకే పాపం, నోరు తెరిచి అడగలేకపోతోంది."

చివరికి కనెక్షన్ ఇచ్చినతన్ని పిలిపించాను. అతను అన్నీ పరీక్షించి, "సిగ్నల్ బ్రహ్మాండంగా ఉందండీ. ఈసారి పోయినప్పుడు వెంటనే వెళ్ళి బాక్సు మీద లైటు చూడండి. లైటు కూడా లేకపోతే దానికి కరెంటే అందట్లేదన్నమాట," అన్నాడు. అతను చెబుతుండగానే మావయ్య అతని చేతిలోంచి టార్చిలైటు తీసుకుని, ఆపి, పక్కన పెట్టాడు.

మర్నాడు మేనేజరు నుంచి కబురొచ్చింది: 'చదువు తక్కువైనవాళ్ళు సలహాలు కూడా తగ్గించుకుంటే మంచిది.'

ఈసారి రాజీనామాయే. కీబోర్డు అదిరేలా కొట్టుకుంటూ పోయాను. సంతకం దగ్గరికి వచ్చేసరికి కనెక్షన్ పోయింది. ఒక్క పరుగున హాల్లోకి వెళ్ళాను.

బాక్సు మీద లైటు లేదు. మావయ్య వేలు స్విచ్చి మీదుంది.

"వేడెక్కిందిరా," అన్నాడు నీళ్ళు నములుతూ.

బాక్సు పట్టుకుని చూశాను. "చల్లగానే ఉందిగా!"

"బాక్సని ఎవరన్నారు?"

ఆయన మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు.

"మామూలప్పుడు నీ గదిలోంచి చినుకులు పడ్డట్టు వినిపిస్తుంది. ఉద్యోగం మానేసేటప్పుడు మేకులు కొట్టినట్టుంటుంది. ఎంతమంది వేళ్ళు విన్నాన్రా నేను! వద్దంటే వింటావా నువ్వు?"

"వినను."

"మరి? ఆ బాక్సు వింటుంది. మానెయ్యాలనుంటే మానెయ్యరా, కాదనను. చల్లారాక రాయి. అప్పుడు ఆపను."

"మొత్తానికి ఒకరి స్విచ్చయినా దొరికింది మీకు!" అంది అత్తయ్య వంటింట్లోంచి.

మావయ్య స్విచ్చి వేశాడు. నేను గదిలోకి వెళ్ళి రాజీనామా మొత్తం తుడిపేసి, 'నా దిద్దుబాట్లలో ఏది తప్పో చూపించండి, నేర్చుకుంటాను' అని రాశాను. కనెక్షన్ రాయిలా నిలబడింది. ఉత్తరం వెళ్ళింది.

ఇప్పుడు కూడా కోపం వస్తూనే ఉంటుంది. అయితే మావయ్యకు వినపడకుండా వేళ్ళు మెల్లగా ఆడిస్తున్నాను. కానీ అంత మెల్లగా కొడుతుంటే, ఎంత ప్రయత్నించినా తిట్లు రావడం లేదు.