రాయి అయిపోలేదు

జహీరాబాద్ దగ్గర మూతపడిన ఎర్రరాయి గని మీద మా బడి పత్రికలో వ్యాసం రాశాను. రాయి అయిపోయి గని మూతపడిందని తేల్చాను. గనిని చూడలేదు కాబట్టి పని సులువుగానే అయింది. మా అటెండర్ మేనత్త షరీఫాబీ ఆ గని ఉన్న ఊళ్లోనే ఉంటుందట. వ్యాసం సంగతి అతని నోట విని ఆవిడ కబురు పంపింది: "రాయి ఇంకా ఉన్నది. సార్‌ను వచ్చి చూసుకోమను."

ఆదివారం ఏడున్నరకు సంగారెడ్డిలో బస్సెక్కాను. పక్కసీటు ఉల్లిగడ్డల వ్యాపారి ఏం పని మీద పోతున్నానని అడిగితే, గనుల చరిత్ర పరిశోధన అన్నాను. జీతమెంతన్నాడు. ఏమీ లేదన్నాను. జాలిపడి కిటికీ సీటు నాకిచ్చాడు.

తొమ్మిదింటికి జహీరాబాద్‌లో ఇడ్లీ తిని, ఝరాసంగం వైపు షేర్ ఆటో ఎక్కాను. పదింటికి దిగేసరికి షరీఫాబీ ఎదురుచూస్తోంది. డెబ్భై దాటిన మనిషి. కందిచేల గట్ల మీద ఆమె నడకను అందుకోలేక రెండుసార్లు ఆగమన్నాను.

గని అంటే పెద్ద గుంత, అడుగున నీళ్లు. గోడల నిండా ఎర్రరాయి, దాని మీద గడ్డపార గుర్తులు. పరిశోధకుణ్ణి కదా, టేపు తీసి వంగాను. కాలు జారి బురదలో కూర్చున్నాను. ఆమె చెయ్యిచ్చి లేపింది. నవ్వలేదు.

"గా మూలకే గోడ కూలింది సార్. మా ఆయన, ఇంకిద్దరు కిందున్నరు."

మూడో రోజే కాంట్రాక్టరు మళ్లీ పని మొదలుపెట్టమన్నాడట. ఇల్లు గడవాలి కాబట్టి మగవాళ్లు బయల్దేరారు. షరీఫాబీ, చనిపోయిన మిగతా ఇద్దరి భార్యలూ పోయి లారీల దారికి అడ్డంగా కూర్చున్నారు. సాయంత్రానికి ఊళ్లో ఆడవాళ్లంతా వచ్చారు. పదకొండు రోజులకు లారీలు ఖాళీగా తిరిగిపోయాయి, గని మళ్లీ తెరుచుకోలేదు. తర్వాత ఊరు కూలి వెతుక్కుంటూ బీదర్ దాకా పోయింది. చాలామంది ఆమెను తిట్టారు.

తప్పు చేశానని ఎప్పుడైనా అనిపించిందా అని అడిగాను.

"పస్తులున్నప్పుడు అనుకున్న. ఇప్పుడు నా కొడుకులకు తలలు నెరసినయ్ సార్. గా తలలు చూస్తే అనుకోను."

ముగ్గురి పేర్లు రాసుకొని చదివి వినిపించాను. ఒకచోట ఆపింది.

"మొగులయ్య కాదు, మొగులప్ప. పేర్లన్న జర సక్కగ రాయున్రి."

దిద్దాను. వాళ్లింట్లో జొన్నరొట్టె, పప్పు పెట్టింది.

మూడింటి బస్సులో, బురద ప్యాంటుతో ఎవరి పక్కనా కూర్చోలేక, సంగారెడ్డి దాకా నిలబడే వచ్చాను. ఇరవై ఏళ్లుగా చరిత్ర పాఠం చెబుతున్నాను. చరిత్ర నడిపిన మనిషి చేతి రొట్టె తినడం ఇదే మొదటిసారి.